పైరేట్స్ గెలిచేది తక్కువ, మరి ఈ ఊళ్లో వాళ్లంటే ఇంత అభిమానం ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: చదువు కోసం పిట్స్‌బర్గ్ వచ్చి ఏడాది కావస్తోంది, ల్యాబ్‌లో అందరూ పైరేట్స్ మ్యాచ్‌కి రమ్మంటున్నారు, మీకు బేస్‌బాల్ తెలియదు. పట్టిక చూస్తే టీమ్ అడుగున ఉంటోంది, బస్సెక్కితే మాత్రం ముసలివాళ్ల నుంచి పిల్లల దాకా అందరి నెత్తినా నలుపు పసుపు టోపీలే. ఈ టీమ్ చరిత్రలో తెలుసుకోవాల్సిన ఆటలేవి, ఆటగాళ్లెవరు అని.

నేను ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్లు దాటింది. మొదట్లో నాకు బేస్‌బాల్ అంటే బిళ్లంగోడుకి యూనిఫాం తొడిగినట్టు ఉండేది. టికెట్ చవక, ఆట అయ్యాక బాణసంచా కాలుస్తారు, అందుకని వెళ్లేవాణ్ణి. ఆట నేర్పింది మా పక్కింటి పెద్దాయన. స్టీలు మిల్లు మూతపడ్డాక స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన నియమాలేమీ చెప్పలేదు, చేతికో పెన్సిలూ స్కోరు కాగితమూ ఇచ్చి రాయమన్నాడు. మైదానంలో నాలుగు మూలలా బేస్‌లుంటాయి, నాలుగోది బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్; అవుటవకుండా అవన్నీ చుట్టొస్తే ఒక పరుగు. ప్రతి ఫీల్డర్‌కీ ఒక నంబరుంటుంది. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడేవాడు) 6, సెకండ్ బేస్ 4, ఫస్ట్ బేస్ 3. ‘6-4-3’ అని రాశారంటే బంతి ఆ ముగ్గురి చేతులూ మారి ఇద్దరు అవుటయ్యారని అర్థం. బ్యాట్ ఊపి మూడుసార్లు తప్పితే ‘కె’ అని రాయాలి. ఊపకుండా నిలబడి చూస్తూ అవుటైతే ఆ ‘కె’నే తిరగేసి రాయాలి. నేను తిరగేసిన ‘కె’ రాసినప్పుడల్లా పెద్దాయన, సొంత కొడుకు పరీక్ష హాల్లో ఖాళీ పేపరిచ్చి వచ్చినట్టు, నిట్టూర్చేవాడు.

ఒక లెక్కతో మొదలుపెడతాను. పైరేట్స్ ఐదుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచారు: 1909, 1925, 1960, 1971, 1979. వరల్డ్ సిరీస్ అంటే ఏడు ఆటల పోటీ, ముందు నాలుగు గెలిచినవాడిది కప్పు. ఈ ఐదుసార్లూ పోటీ ఏడో ఆట దాకా వెళ్లింది. ఒక్క కప్పు కూడా తేలిగ్గా రాలేదు. రెండుసార్లయితే 3-1తో వెనకబడి, ఇక అయిపోయిందనుకున్నాక గెలిచారు. ఈ టీమ్ స్వభావం నాకు అర్థమైంది ఈ లెక్కలోనే.

పేరు సంగతి కూడా తమాషాగానే ఉంటుంది. టీమ్ పుట్టింది 1882లో. 1890 తర్వాతి గొడవల్లో లూ బియర్‌బావర్ అనే ఆటగాణ్ణి ఫిలడెల్ఫియా వాళ్లు తమ జాబితాలో రాసుకోవడం మర్చిపోయారు. పిట్స్‌బర్గ్ వాళ్లు చలికాలంలో గడ్డకట్టిన మంచు దాటి అతనింటికి వెళ్లి సంతకం పెట్టించుకొచ్చారు. ఫిలడెల్ఫియా వాళ్లకి ఒళ్లు మండి ఇది సముద్రపు దొంగల పని అన్నారు. వీళ్లు ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నారు.

మొదటి పెద్ద ఆటగాడు హోనస్ వాగ్నర్. ఈ ఊరి పక్కనే పుట్టి, చిన్నతనంలో బొగ్గు గనిలో పనిచేసినవాడు. బ్యాటింగ్ సగటులో 8 సార్లు లీగ్‌లో మొదటి స్థానం. 1909 సిరీస్‌లో అప్పటి మేటి బ్యాటర్ టై కాబ్ ఉన్న డెట్రాయిట్ మీద గెలిచినప్పుడు టీమ్‌కి వెన్నెముక ఇతనే. అయితే ఇప్పుడు లోకానికి ఇతను ఎక్కువగా తెలిసింది ఒక అట్టముక్క వల్ల. అప్పట్లో సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ల బొమ్మల కార్డులు పెట్టేవారు. వాగ్నర్ తన కార్డు ఆపించేశాడు. పిల్లలు పొగాకు కొనడం ఇష్టంలేక అని కొందరంటారు, డబ్బులివ్వలేదని కొందరంటారు. (ఆయనే పొగాకు నమిలేవాడు కాబట్టి నేను రెండోదానివైపే మొగ్గుతాను.) ఏదైతేనేం, మిగిలినవి కొన్ని పదుల కార్డులే. అందులో ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. స్టేడియం బయట ఆయన విగ్రహం ఉంది, చూడండి.

ఇక 1960. ఇది ఈ ఊరి పురాణం, కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఎదురుగా న్యూయార్క్ యాంకీస్, మిక్కీ మ్యాంటిల్, యోగి బెరా ఉన్న టీమ్. వాళ్లు గెలిచిన మూడు ఆటల స్కోర్లు చూడండి: 16-3, 10-0, 12-0. పైరేట్స్ గెలిచిన మొదటి మూడు ఆటలు: 6-4, 3-2, 5-2. ఏడు ఆటల్లో యాంకీస్ చేసిన పరుగులు 55, పైరేట్స్ చేసినవి 27. సగం కూడా లేవు. సిరీస్‌లో ఉత్తమ ఆటగాడిగా కూడా ఓడిన టీమ్‌లోని బాబీ రిచర్డ్‌సన్‌నే ఎంపిక చేశారు. ఓడిన టీమ్‌వాడికి ఆ బహుమతి రావడం మళ్లీ జరగలేదు.

ఏడో ఆట అక్టోబర్ 13, గురువారం మధ్యాహ్నం, ఫోర్బ్స్ ఫీల్డ్‌లో. పైరేట్స్ 4-0తో మొదలుపెట్టి, చూస్తుండగానే 7-4తో వెనకబడ్డారు. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో నేల మీద దొర్లుకుంటూ వెళ్లిన ఒక మామూలు బంతి గులకరాయికి తగిలిందో ఏమో, ఎగిరి యాంకీస్ షార్ట్‌స్టాప్ టోనీ క్యూబెక్ గొంతుకి తగిలింది. ఇద్దరు అవుటవ్వాల్సిన చోట ఒక్కరూ అవలేదు. ఆ సందులోంచి పైరేట్స్ దూరిపోయారు. హాల్ స్మిత్ అనే క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, అంటే బంతిని మన సిక్స్‌లా గోడ దాటించాడు, 9-7. అయిపోయిందనుకుంటే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ రెండు పరుగులు తీసి సమం చేశారు.

తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగంలో మొదట బ్యాటింగ్‌కి వచ్చింది బిల్ మజరోస్కీ. సెకండ్ బేస్ ఫీల్డర్. చేతుల్లో బంతి ఆగిందా లేదా అన్నట్టు విసిరేస్తాడని పేరు, బ్యాటింగ్ అంతంతమాత్రం. యాంకీస్ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) రాల్ఫ్ టెర్రీ వేసిన రెండో బంతిని కొట్టాడు. ఎడమవైపు యోగి బెరా గోడ దాకా పరిగెత్తి, తలెత్తి చూసి, వెనక్కి తిరిగాడు. గడియారంలో 3:36. వరల్డ్ సిరీస్ ఏడో ఆట హోమ్ రన్‌తో ముగిసింది చరిత్రలో ఆ ఒక్కసారే.

మనకు తెలిసినదానితో పోల్చాలంటే 1986 షార్జాలో చేతన్ శర్మ చివరి బంతికి మియాందాద్ కొట్టిన సిక్స్. అది ఈ ఊరివైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇంకో పోలిక కూడా కుదిరింది. చేతన్ శర్మ మరుసటి ఏడాది నాగ్‌పూర్‌లో వరల్డ్ కప్ చరిత్రలోనే మొదటి హ్యాట్రిక్ తీశాడు. రాల్ఫ్ టెర్రీ కూడా 1962లో మళ్లీ ఏడో ఆటలోనే, ప్రత్యర్థికి ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా 1-0తో యాంకీస్‌ని గెలిపించాడు. ఇద్దరిలో ఎవరి పేరెత్తినా జనానికి మాత్రం ఆ ఒక్క బంతే గుర్తొస్తుంది.

అప్పటికి మా పెద్దాయనకి పదకొండేళ్లు. క్లాసులో టీచరమ్మ రేడియో పెట్టుకోనిచ్చిందట. హోమ్ రన్ పడగానే ఆవిడే ముందు లేచి బయటికి పరిగెత్తిందట. ఈ కథ నాకు కనీసం పదిహేనుసార్లు చెప్పాడు. ఒకసారి టీచరమ్మ చేతిలో సుద్దముక్క ఉండేది, ఇంకోసారి డస్టర్ ఉండేది.

ఆ ఆట వీడియో చాలా కాలం ఎవరి దగ్గరా లేదనే అనుకున్నారు. గాయకుడు, నటుడు బింగ్ క్రాస్బీకి టీమ్‌లో వాటా ఉండేది. స్వయంగా చూస్తే ఓడిపోతారని భయపడి ఆయన పారిస్ వెళ్లి రేడియోలో విన్నాడు, కానీ ఫిల్మ్ తీయించి పెట్టుకున్నాడు. అది 2009లో ఆయన ఇంటి వైన్ సెల్లార్‌లో దొరికింది. మన ఇళ్లల్లోనూ ఉంటారుగా, చివరి ఓవర్‌కి లేచి వంటింట్లోకి పోయేవాళ్లు. ఆయనా ఆ జాతే.

మీరు ఈ ఊరి ఓక్లాండ్ పేటలోనే చదువుతున్నారు కాబట్టి మీకో పని చెబుతాను. ఫోర్బ్స్ ఫీల్డ్ 1970లో మూసేసి తర్వాత కూల్చేశారు కానీ, దాని ఇటుక గోడ కొంత ఇప్పటికీ యూనివర్సిటీ భవనాల మధ్య నిలబడి ఉంది. పోస్వార్ హాల్‌లోకి వెళితే నేలమీద అద్దం కింద హోమ్ ప్లేట్ కనిపిస్తుంది. మీరు రోజూ దానిమీదుగా కాఫీ పట్టుకుని నడిచి ఉంటారు. ప్రతి ఏడాదీ అక్టోబర్ 13న ఆ గోడ దగ్గర జనం చేరతారు. 1985లో ఒక అభిమాని ఒంటరిగా టేప్ రికార్డర్ తెచ్చుకుని కూర్చోవడంతో ఇది మొదలైంది. అప్పటి రేడియో ప్రసారాన్ని, ప్రకటనలతో సహా, మొదటి నుంచి పెడతారు. హోమ్ రన్ సరిగ్గా 3:36కి పడేలా చూసుకుంటారు. ఫలితం అందరికీ తెలుసు. అయినా యాంకీస్ స్కోరు సమం చేసినప్పుడు నా పక్కనున్నావిడ నిజంగా గోళ్లు కొరుక్కోవడం చూశాను. తోలుబొమ్మలాటలో రావణుడు చస్తాడని తెలియక కూర్చుంటామా, అలాంటిదే.

మజరోస్కీని 2001లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే బేస్‌బాల్ మహామహుల జాబితాలో, చేర్చినప్పుడు ఆయన కాగితాల మీద పెద్ద ఉపన్యాసం రాసుకొచ్చాడు. రెండు మూడు నిమిషాలకే గొంతు పూడుకుపోయి, ఇక నావల్ల కాదని కూర్చున్నాడు.

ఆ 1960 టీమ్‌లోనే కుడివైపు ఫీల్డింగ్ చేసిన కుర్రాడు రాబర్టో క్లెమెంటే. మీరు ఈ టీమ్ గురించి ఒక్క పేరే గుర్తుపెట్టుకుంటానంటే ఈ పేరు పెట్టుకోండి.

ప్యూర్టోరికోలోని కరోలినాలో 1934లో పుట్టాడు. బ్రూక్లిన్ డాడ్జర్స్ అతన్ని చిన్న లీగ్‌లో దాచిపెట్టాలని చూస్తే 1954లో పిట్స్‌బర్గ్ ఎగరేసుకొచ్చింది. నల్లవాడు, పైగా స్పానిష్ మాట్లాడేవాడు. రెండు రకాల చిన్నచూపూ పడ్డాడు. విలేకరులు అతని ఇంగ్లిష్‌ని ఎక్కడ తప్పు పలికితే అక్కడ అలాగే అచ్చువేసి నవ్వుకునేవారు. కార్డుల మీద ‘బాబ్’ క్లెమెంటే అని వేసేవారు. నా పేరు బాబ్ కాదు, రాబర్టో అని అతను చెబుతూనే ఉన్నాడు. ఇక్కడ ఆఫీసుల్లో మన వేంకటేశ్వర్లు ‘వెంకీ’, సుబ్రహ్మణ్యం ‘సబ్’ అయిపోవడం చూసినవాళ్లకి ఆ చిరాకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆట సంగతి. బంతి కొట్టి అవుటవకుండా బేస్ చేరితే అది హిట్. బేస్‌బాల్‌లో పది అవకాశాల్లో మూడు హిట్లు కొడితే గొప్ప బ్యాటర్ అంటారు. 1971 వరల్డ్ సిరీస్‌లో క్లెమెంటే సగటు .414, అంటే పదికి నాలుగు దాటింది. వయసు 37. బాల్టిమోర్ మీద ఏడు ఆటల్లోనూ హిట్ కొట్టాడు. 1960లో కూడా అంతే, మొత్తం 14 ఆటల్లో ఒక్కటీ ఖాళీగా పోలేదు. 1971 ఏడో ఆట 2-1తో గెలిస్తే అందులో ఒక పరుగు అతని హోమ్ రన్. ఇంతకన్నా నాకు నచ్చేది అతని విసురు. కుడివైపు మూల నుంచి థర్డ్ బేస్‌కి, బంతి గాల్లోనే వెళ్లేది. పాత వీడియోలు చూడండి, పరిగెత్తేవాళ్లు అతని చేతికి బంతి అందగానే బ్రేకులేస్తారు. ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ 12 సార్లు వచ్చింది.

సిరీస్ గెలిచాక టీవీ మైకు ముందుకొచ్చి, ఇంగ్లిష్‌లో మాట్లాడేముందు స్పానిష్‌లో అమ్మానాన్నల ఆశీర్వాదం అడిగాడు. అమెరికా అంతా చూస్తున్న ప్రసారంలో. అది విన్నాక లాటిన్ అమెరికాలో ఎంతమంది టీవీల ముందు ఏడ్చారో.

ఆ ఏడాదే సెప్టెంబర్ 1న ఇంకోటి జరిగింది, అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఫిలడెల్ఫియాతో ఆటకి మేనేజర్ డానీ మర్టా దించిన తొమ్మిదిమందీ నల్లజాతి, లాటిన్ అమెరికన్ ఆటగాళ్లే. మేజర్ లీగ్‌లో అలాంటి జట్టు దిగడం అదే మొదటిసారి. నల్లవాళ్లని రానివ్వని ఆ లీగ్‌లోకి జాకీ రాబిన్సన్ అడ్డుగోడ దాటి అప్పటికి 24 ఏళ్లు. మర్టా మాత్రం నా దగ్గరున్న మంచి తొమ్మిదిమందిని దించాను, అంతే అన్నాడు. ఆట 10-7తో గెలిచారు.

1972 సెప్టెంబర్ 30న క్లెమెంటే తన 3,000వ హిట్ కొట్టాడు. న్యూయార్క్ మెట్స్ పిచర్ జాన్ మ్యాట్‌లాక్ బంతికి డబుల్, అంటే రెండో బేస్ దాకా చేర్చిన దెబ్బ. అప్పటిదాకా ఆ అంకె దాటినవాళ్లు పదిమందే. స్టేడియంలో ఉన్నది 13,117 మంది. ఆ ఆటకి నేను వెళ్లానని చెప్పేవాళ్లు మాత్రం ఈ ఊళ్లో కనీసం లక్షమంది తగులుతారు. మా పెద్దాయన నిజాయితీపరుడు, నాకు షిఫ్టుంది, వెళ్లలేదు అన్నాడు.

డిసెంబర్ 23న నికరాగ్వా రాజధాని మనాగ్వాలో భూకంపం వచ్చింది. క్లెమెంటే ప్యూర్టోరికోలో విరాళాలు పోగుచేసి సామాన్లు పంపాడు. అక్కడి సైనికులు వాటిని దారిమళ్లిస్తున్నారని తెలిసింది. నేను వెంట ఉంటే ముట్టుకోరు అని తనే బయల్దేరాడు. పాత డీసీ-7 విమానం, మోతాదుకి మించిన బరువు. డిసెంబర్ 31 రాత్రి శాన్ హువాన్ నుంచి లేచిన కొద్దిసేపటికే సముద్రంలో పడింది. శరీరం దొరకలేదు. టీమ్‌లో క్యాచర్, అతని ప్రాణస్నేహితుడు మానీ సాంగీయెన్ సంస్మరణ ప్రార్థనలకి వెళ్లలేదు. ఆ సమయానికి గజ ఈతగాళ్లతో కలిసి సముద్రంలో వెతుకుతున్నాడు.

రెగ్యులర్ సీజన్లలో క్లెమెంటే మొత్తం హిట్లు సరిగ్గా 3,000 దగ్గర ఆగిపోయాయి. ఆట మానేసిన ఐదేళ్లకి గానీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకోరు. అతని కోసం ఆ నియమం పక్కనపెట్టి 1973లోనే చేర్చారు. ఇప్పుడు సమాజసేవ చేసిన ఆటగాడికి ఏటా లీగ్ ఇచ్చే పెద్ద పురస్కారం అతని పేరు మీదే ఉంది. మీరు స్టేడియానికి నడిచివెళ్లే పసుపు వంతెన పేరు కూడా అతనిదే.

1971 సిరీస్‌లో ఏడో ఆటని చివరిదాకా వేసి గెలిపించిన పిచర్ స్టీవ్ బ్లాస్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. 1972లో 19 ఆటలు గెలిచాడు. 1973లో ఉన్నట్టుండి బంతి చెప్పినచోట పడటం మానేసింది. చెయ్యి బానే ఉంది, నొప్పి లేదు, డాక్టర్లకి ఏమీ కనబడలేదు. గురి తప్పిన బంతులు నాలుగు పడితే బ్యాటర్‌కి బేస్ ఉచితం; 88 ఇన్నింగ్స్‌లో 84 మందిని అలా ఊరికే బేస్‌కి పంపాడు. ఇంకో ఏడాదికి కెరీర్ అయిపోయింది. అమెరికాలో ఇప్పటికీ పిచర్‌కి కారణం లేకుండా గురి తప్పితే ‘స్టీవ్ బ్లాస్ జబ్బు’ అంటారు. ఆ మనిషి మాత్రం ఇంట్లో ముసుగు తన్ని పడుకోలేదు. మూడు దశాబ్దాలకి పైగా ఇదే టీమ్‌కి కామెంటరీ చెప్పాడు, తన జబ్బు మీద తనే జోకులేసుకుంటూ. నేను బేస్‌బాల్ ఇంగ్లిష్ నేర్చుకుంది సగం ఆయన గొంతులోనే.

1979 గురించి వేగంగా చెబుతాను. కెప్టెన్ విల్లీ స్టార్జెల్, వయసు 39, అందరూ ‘పాప్స్’ అనేవారు, అంటే నాన్నగారన్నమాట. ఎవరు బాగా ఆడినా వాళ్ల టోపీకి ఒక చిన్న నక్షత్రం కుట్టించేవాడు. కోట్లు సంపాదించేవాళ్లు ఆ గుడ్డముక్క కోసం పోటీపడేవారు. మళ్లీ బాల్టిమోరే, 3-1తో వెనకబడ్డారు. ఐదో ఆట రోజు ఉదయం మేనేజర్ చక్ టానర్ తల్లి చనిపోయింది. అమ్మకి మన పరిస్థితి తెలిసి సాయం తేవడానికి పైకెళ్లింది అని చెప్పి ఆయన ఆటకి వచ్చాడు. మూడు ఆటలూ గెలిచారు. ఏడో ఆటలో స్టార్జెల్ హోమ్ రన్. ఇప్పటి స్టేడియం పీఎన్‌సీ పార్క్‌లో మొదటి సీజన్ ఆట 2001 ఏప్రిల్ 9న. ఆ రోజు తెల్లవారుజామునే స్టార్జెల్ పోయాడు. రెండు రోజుల ముందే బయట ఆయన విగ్రహం ఆవిష్కరించారు, దాని పాదాల దగ్గర పూలు గుట్టగా పడ్డాయి.

ఇప్పుడు చేదు భాగం. 1992 అక్టోబర్ 14, అట్లాంటా. వరల్డ్ సిరీస్‌కి వెళ్లే ఏడో ఆట. పైరేట్స్ 2-0తో ముందున్నారు, చివరి ఇన్నింగ్స్, మూడు అవుట్లు కావాలి. పిచర్ డగ్ డ్రేబెక్ అలసిపోయాడు. నమ్మకానికి మారుపేరైన సెకండ్ బేస్ హోసే లిండ్ ఒక తేలిక బంతి వదిలేశాడు. అలా అలా ఒక పరుగొచ్చి, ఇద్దరు అవుటై, బేస్‌లన్నీ నిండాయి. అట్లాంటా వాళ్లు ఫ్రాన్సిస్కో కబ్రెరా అనే బెంచి ఆటగాణ్ణి పంపారు. ఆ సీజన్ మొత్తంలో అతను లెక్కలోకొచ్చేలా బ్యాటింగ్ చేసింది పదిసార్లే. ఎడమవైపుకి కొట్టాడు. ఒక పరుగొచ్చి స్కోరు సమం. వెనకాల సెకండ్ బేస్ నుంచి సిడ్ బ్రీమ్. మోకాళ్లకి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు, లీగ్‌లో నిదానంగా పరిగెత్తేవాళ్లలో ఒకడు. పైగా రెండేళ్ల కిందటి దాకా పైరేట్స్ వాడే. పైరేట్స్‌లో అందరికన్నా పెద్ద స్టార్ బ్యారీ బాండ్స్ బంతి అందుకుని విసిరాడు, అది కాస్త పక్కకి పడింది. క్యాచర్ తిరిగి తాకేలోపు బ్రీమ్ కాలు జారుకుంటూ ప్లేట్ మీద పడింది. 3-2. సెంటర్ ఫీల్డ్‌లో ఆండీ వాన్ స్లైక్ నేలమీద కూలబడి చాలాసేపు లేవలేదు.

రెండు నెలలు తిరక్కుండా బాండ్స్ శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లిపోయాడు. ఇక ఆ తర్వాత 1993 నుంచి 2012 దాకా వరసగా ఇరవై సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. ఉత్తర అమెరికా పెద్ద లీగుల్లో ఏ టీమ్‌కీ ఇంత చెడ్డ వరస లేదు. నేను ఈ ఊరొచ్చింది దాని మధ్యలో. 2012 ఆగస్టులో 63 గెలుపులు, 47 ఓటములతో ఉండి, ఇక శాపం తీరిందని మేమంతా ఎగిరి, చివరికి 79-83 దగ్గర తేలాం. బాండ్స్‌ని పోగొట్టుకోవడం ఒక్కటే కారణం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఈ లీగ్‌లో మొత్తం జీతాలకి గట్టి పరిమితి లేదు, పెద్ద ఊళ్ల టీమ్‌లు కొనుక్కుంటాయి, మనవాళ్లు పెంచి అమ్ముకుంటారు. దానికితోడు ఎంపికల్లో తప్పులు, యాజమాన్యం పిసినారితనం. స్టేడియంలో ‘టీమ్ అమ్మేయండి’ అని అరుపులు వినపడితే కంగారుపడకండి, ఎక్కువగా యజమాని గురించే.

అదే సమయంలో మనదేశానికి ఒక తీగ తగిలింది. 2008లో భారతదేశంలో వేగంగా బంతి విసిరేవాళ్ల కోసం ఒక టీవీ పోటీ పెట్టారు. ఉత్తరప్రదేశ్‌కి చెందిన ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లు, రింకూ సింగ్, దినేశ్ పటేల్, అప్పటిదాకా బేస్‌బాల్ ముట్టుకోనివాళ్లు, అందులోంచి వచ్చారు. ఆ నవంబర్‌లో పైరేట్స్ వాళ్లతో ఒప్పందం చేసుకున్నారు. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో మొదటి భారతీయులు వాళ్లే. పై మెట్టుకి ఎవరూ చేరలేదు. పటేల్ 2010లో ఇంటికెళ్లిపోయాడు, రింకూ చిన్న లీగుల్లో కొన్నేళ్లు నిలదొక్కుకుని తర్వాత కుస్తీల వైపు వెళ్లాడు. పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకి ముందు పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. ఆ రోజుల్లో గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటూ బేస్‌బాల్ గురించి మాట్లాడుకోవడం నేను మొదటిసారి విన్నది ఈ కుర్రాళ్ల వల్లే.

2013లో శాపం తీరింది. 94 ఆటలు గెలిచి, 21 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్. అక్టోబర్ 1 రాత్రి సిన్సినాటితో ఒకే ఒక్క ఆట, ఓడితే ఇంటికి. నేను పై అంతస్తులో ఉన్నాను, పక్కన మా పెద్దాయన. అందర్నీ నల్లబట్టలు వేసుకురమ్మన్నారు. నలభై వేలమంది, దీపాల వెలుగులో నల్లటి గోడలా ఉంది. రెండో ఇన్నింగ్స్‌లో జనం సిన్సినాటి పిచర్ జానీ క్వేటో పేరు సాగదీసి పిలవడం మొదలుపెట్టారు. ‘క్వే... టో...’ బడిలో పిల్లలు ఏడిపించే రాగంలో. అతను మట్టిదిబ్బ మీద నిలబడి ఉండగా చేతిలోంచి బంతి జారి కింద పడింది. అంతే, ఊరికే జారింది. జనం గొంతు రెట్టింపయింది. తర్వాతి బంతిని రస్సెల్ మార్టిన్ ఎడమవైపు ప్రేక్షకుల్లోకి కొట్టాడు. నా కాళ్ల కింద కాంక్రీటు కదిలింది. పెద్దాయన స్కోరు కాగితం ఎక్కడో పడేసుకున్నాడు. ఆయన ఒక ఆట స్కోరు రాయడం మధ్యలో వదిలేయడం నేను చూసింది అదొక్కసారే. 6-2తో గెలిచాం.

ఆ టీమ్ గుండెకాయ ఆండ్రూ మెక్‌కచెన్, ఆ ఏడాది లీగ్ ఉత్తమ ఆటగాడు. 2018లో అతన్నీ అమ్మేశారు. 2023లో తిరిగొచ్చినప్పుడు మొదటి ఆటలో జనం కూర్చోలేదు. ఇప్పుడు మీరు చూడాల్సింది పాల్ స్కీన్స్. 2024 మేలో మొదటి ఆట, ఆ ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడు. 2025లో పిచర్లకిచ్చే సై యంగ్ పురస్కారం ఓటర్లందరి మొదటి ఓటుతో వచ్చింది. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 1.97 పరుగులిచ్చాడు. అయినా అతని గెలుపోటముల లెక్క 10-10. అంత బాగా వేసినా మనవాళ్లు పరుగులు చేసిపెట్టలేదన్నమాట. పైరేట్స్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క అంకె చూపిస్తాను.

టికెట్ కొనేటప్పుడు స్కీన్స్ పిచింగ్ చేసే రోజు చూసుకోండి. థర్డ్ బేస్ వైపు పై అంతస్తు తీసుకోండి, చవక, నదీ వంతెనా డౌన్‌టౌనూ ఎదురుగా కనిపిస్తాయి. ఆట రోజుల్లో క్లెమెంటే వంతెన మీద కార్లు ఆపేస్తారు, నడిచే వెళ్లండి. ఐదో ఇన్నింగ్స్ దాకా వచ్చాక కజ్జికాయల్లాంటి వేషాలు వేసుకున్న మనుషులు పరుగుపందెం పెట్టుకుంటారు. అవి పియెరోగీలు, పోలండ్ వాళ్ల వంట, నవ్వుకోండి. కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు. క్లెమెంటే చొక్కా నంబరు 21, అందుకని.

అక్టోబర్ 13న క్లాసు లేకపోతే ఒంటిగంటకల్లా ఫోర్బ్స్ ఫీల్డ్ గోడ దగ్గరికి రండి. మడతకుర్చీ మీరు తెచ్చుకోండి, గుడి పులిహోర నేను తెస్తాను. మా పెద్దాయన కూడా వస్తాడు, ఈసారి టీచరమ్మ చేతిలో ఏముందో విందాం.